ఆన్‌లైన్ వేటకత్తి మనకెందుకు?



ఇటుకల పండుగ దగ్గర పడే కొద్దీ నా ఫోన్‌కి ఒకటే మెసేజ్. "అన్నా, తోలు ఒలవడానికి ఈ కత్తి బాగుంటదా?" అని ఒక లింకు. తెరిస్తే ఎప్పుడూ అదే బొమ్మ. నల్లటి బ్లేడు, వెన్ను మీద రంపం పళ్లు, పిడిలో దిక్సూచి. మన కొండ మీద దారి తప్పేదెవరు, దిక్సూచి ఎవరికి? నా మాట ఒక్కటే: కొనకండి. ఎందుకో చెప్తాను, నచ్చకపోతే తిట్టండి.

ముందు పని సంగతి చూద్దాం. పండక్కి మేకని కోశారనుకో. పొట్ట తెరిచేటప్పుడు కత్తి లోపలికి ఎంత దిగాలి? తోలు, దాని కింద పల్చటి పొర, అంతే. కత్తి వాదర పైకి తిప్పి, రెండు వేళ్లు కింద పెట్టి, పేగులకి తగలకుండా నడిపించాలి. మొన అర అంగుళం ఎక్కువ దిగితే కడుపు చిల్లు పడి మాంసం అంతా కంపు. చేదు తిత్తి పగిలిందంటే కాలేజం పారేసుకోవడమే. ఇలాంటి పనికి ఏడెనిమిది అంగుళాల కత్తి ఎందుకు? మా తాత చాకు నాలుగు వేళ్ల పొడవు ఉండేది. మొన దగ్గర కొంచెం వంపు, వెన్ను నున్నగా. వెన్ను నున్నగా ఎందుకంటే చూపుడు వేలు అక్కడే ఆనించి నొక్కుతాం. ఆన్‌లైన్ కత్తికి సరిగ్గా అక్కడే రంపం పళ్లు పెట్టారు! వాటిలో వెంట్రుకలు, కొవ్వు ఇరుక్కుంటాయి. కడగడానికే గంట పడుతుంది.

పందినైతే ఎలాగూ కాలుస్తాం, మేకని కూడా చాలా ఇళ్లలో కాల్చే తింటాం. తోలు ఒలిచేది ఎక్కువగా డప్పు కోసమే. అసలు నేర్పు అక్కడ కావాలి. ఒక్క గాటు పడినా ఆ తోలు బిగించినప్పుడు చిరుగుతుంది. అందుకే పెద్దోళ్లు కత్తితో కన్నా పిడికిలితోనే ఎక్కువ ఒలుస్తారు. మాంసానికీ తోలుకీ మధ్య పిడికిలి తోసి, అంటుకున్న చోట మాత్రం చాకు తగిలిస్తారు. కీళ్ల దగ్గర కూడా నరకరు. కీలు సందు వెతికి మొన పెడితే కాలు దానంతట అదే ఊడొస్తుంది. ఎముకలు కొట్టే బరువు కత్తి వేరే ఉంటుంది. రెండు పనులకీ ఒకే కత్తి అని అమ్మేవాడు ఏ పనీ చెయ్యనోడు.

మరి ఏది కొనాలి? సంతలో కమ్మరి దగ్గరికి వెళ్లు. కమ్మర అనేది మన ఎస్టీ జాబితాలోనే ఉన్న తెగ, చాలామందికి ఇది తెలియదు. లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, కొట్టి, నీళ్లు పట్టిన కత్తి అది. తుప్పు పడుతుంది, నిజమే. తుడిచి కాస్త నూనె రాస్తే సరిపోతుంది. పదును పోతే గెడ్డ ఒడ్డున రాయి చాలు. స్టెయిన్‌లెస్ అని తక్కువ రేటుకి వచ్చేవాటికి పదును నిలవదు. మంచి రకమైతే మన రాయికి లొంగదు. కొనేముందు వాదరని ఎండకి ఎదురుగా పట్టి చూడు. ఎక్కడైనా తెల్లగా మెరిస్తే అక్కడ మొద్దు. పిడిని తడి చేత్తో పట్టుకుని చూడు. నెత్తురు, కొవ్వు అంటిన చేతిలో జారే పిడి నీ వేళ్లనే కోస్తుంది. పొన్ను బిగువుగా ఉందా, కత్తి తోక పిడిలోకి లోతుగా దిగిందా అని అడుగు. అడిగితే కమ్మరి సంతోషిస్తాడు. ఈమధ్య అడిగేవాళ్లే లేరు ఆయనకి.

ఇక అసలు భయం. మా మండలంలో ఒక తమ్ముడు అలాంటి కత్తి పట్టుకుని, పక్కన మాంసం కుప్ప పెట్టి రీల్ చేశాడు. అది ఇంటి మేక. అయినా ఆఫీసుకి పిలిచారు, ఫోన్ లాక్కున్నారు, రోజంతా కూర్చోబెట్టారు. మేకేనని ఒప్పుకునే లోపు మూడుసార్లు తిరిగాడు, మూడు రోజుల కూలి పోయింది. ముందుగా అడిగింది మాంసం గురించి కాదు, "ఆ కత్తి ఎందుకురా నీకు?" అని. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసిన కత్తిని ఆయుధాల చట్టం వేరుగా చూస్తుంది. 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉండి ఆ పనులకి చేసింది కాని కత్తిని ఆయుధాల లెక్కలో వేస్తుంది. మన చాకు ఆ కొలతలకి చాలా తక్కువ. పేరులోనే 'హంటింగ్' అని రాసున్న కత్తి పట్టుకుని 'ఇది ఇంటి పనికే సార్' అంటే ఎవరు నమ్ముతారు?

వేట మన సంప్రదాయం కాదని నేను అనట్లేదు. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మగాళ్ల మీద ఆడోళ్లు పేడనీళ్లు కొట్టే పండుగలో పెరిగినోణ్ణే. కానీ 1972 వన్యప్రాణి చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా మన సంప్రదాయ హక్కులన్నీ రాస్తూ వేటని మాత్రం పక్కన పెట్టింది. దాని మీద గ్రామసభలో గట్టిగా మాట్లాడదాం, మాట్లాడాలి కూడా. అయితే అడవిలో జంతువులు తగ్గాయన్న మాట కూడా అక్కడ మనమే అనాలి. మా ఊళ్లో పెద్దోళ్లు ఇప్పుడు విల్లు పట్టుకుని అడవి చుట్టి, పూజ చేసి వచ్చేస్తున్నారు. కూరకి ఇంటి మేకే. ఇది ఓడిపోవడం అని కొందరు కుర్రాళ్లు అంటున్నారు. నాకైతే అలా అనిపించట్లేదు.

నాకు కోపం వచ్చేది ఆ ఫొటో పోజు చూసినప్పుడు. చచ్చిన జంతువు మీద కాలేసి, పెద్ద కత్తి చూపించడం రాజులు, దొరలు చేసిన పని. మన తాతల ఫొటోలే లేవు. చాకు వాడాక కడిగి, చూరులో దోపి, మర్చిపోయేవాళ్లు.

కమ్మరికి చెప్పి చేయించుకోవాలంటే కనీసం రెండు సంతల ముందు చెప్పండి. పండుగ వారం వెళ్తే కొడవళ్ల పనిలో ఉంటాడు, దొరకడు.