దూకడం వేరు – దూకుడు వేరు

విమానం నుండి దూకిన మనిషి పారాచూట్‌ను ఎంత ఎత్తులో విప్పాలి? ఈ ప్రశ్న వేస్తే మన మిత్రుల్లో చాలామంది "ఎంత ఆలస్యంగా విప్పితే అంత మొనగాడు" అంటారు. మా హాస్టల్ మెస్సులో ఈ మాట మీద వారం రోజులు వాదన నడిచింది. నేను విమానంలోంచి ఎన్నడూ దూకినవాణ్ణి కాను, భౌతికశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి. అయినా ఈ విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. విప్పే ఎత్తును నేలమీద ఉండగానే నిర్ణయించుకోవాలి. ధైర్యాన్ని బట్టి కాదు, లెక్కను బట్టి నిర్ణయించుకోవాలి. అంతకంటే కిందికి దిగి విప్పినవాణ్ణి మెచ్చుకోకూడదు, మందలించాలి.

మనిషి తన చేత్తో తానే పారాచూట్ విప్పుకోగలడన్న నమ్మకం ఒకప్పుడు చాలామందికి లేదు. గాలిలో పడిపోతూ ఉంటే స్పృహ తప్పుతుందనుకునేవారు. 1919 ఏప్రిల్ 28న అమెరికాలో లెస్లీ ఇర్విన్ విమానం నుండి దూకి, కొంతదూరం ఊరికే పడి, తన చేత్తో పిడి లాగి పారాచూట్ విప్పి చూపించాడు. స్పృహ ఎక్కడికీ పోలేదు. అప్పటినుండి "ఎప్పుడు విప్పాలి?" అన్న బరువు దూకేవాడి చేతికే వచ్చింది. మన ఎన్.సి.సి. కాడెట్లు ఆగ్రాలో నేర్చుకునే దూకడంలో ఈ బరువు లేదు. అక్కడ విమానానికి తగిలించిన పట్టీయే పారాచూట్‌ను లాగేస్తుంది. స్కైడైవింగ్‌లో మాత్రం ఆ పని ఎవరికి వారే చేసుకోవాలి.

ఇక లెక్కలోకి వద్దాం. కాళ్ళూ చేతులూ చాచి బోర్లా పడే మనిషికి పది పన్నెండు సెకన్లలో గాలి నిరోధం బరువుతో సమానమవుతుంది. అక్కడితో వేగం పెరగడం ఆగుతుంది. ఆ వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 176 అడుగులు. మన చార్మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లు. కాబట్టి సెకనుకో చార్మినార్ చొప్పున కిందికి వస్తున్నాడన్నమాట! తిరుపతి నుండి తిరుమలకు ఎత్తు దాదాపు 2,300 అడుగులు. మెట్లదారిన ఎక్కాలంటే గంటలు పడుతుంది. ఈ వేగంతో అంత ఎత్తూ పడిపోవడానికి 13 సెకన్లు చాలు.

అమెరికాలోని యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్ ఈ లెక్కలన్నీ ఆలోచించే కనీస ఎత్తులు పెట్టింది. నేర్చుకునేవాళ్ళకూ, మొదటి లైసెన్సు వాళ్ళకూ 3,000 అడుగులు. ఆ పై లైసెన్సుల వాళ్ళకు 2,500. శిక్షకుడికి కట్టుకొని ఇద్దరుగా దూకే టాండెమ్‌కు 5,000. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. బాగా అనుభవం ఉన్నవాళ్ళకు ఒకప్పుడు 2,000 అడుగులే ఉండేది. 2013లో దాన్ని 2,500కు పెంచారు. అనుభవజ్ఞులు పిరికివాళ్ళయ్యారా? కాదు. ఇప్పటి పారాచూట్లు ఒళ్ళు అదరకుండా మెల్లగా విచ్చుకునేలా తయారవుతున్నాయి. కొన్ని పూర్తిగా విచ్చుకునేసరికి 800, 1,000 అడుగులు కూడా ఖర్చయిపోతాయి. సామాను మారింది కనుక అంకే మారింది.

2,500 అడుగుల దగ్గర చెయ్యి వేశాడనుకోండి. ఏమీ తెరుచుకోలేదు. "ఏదో తేడాగా ఉందే" అని తెలియడానికి రెండు సెకన్లు. పైకి చూసి, నిశ్చయించుకొని, రిజర్వు పారాచూట్ పిడి పట్టుకోవడానికి ఇంకో రెండు. నాలుగు సెకన్లకు 700 అడుగులు పోయాయి, 1,800 దగ్గరున్నాడు. అనుభవం ఉన్నవాళ్ళు "ఇక తేల్చుకోవలసిందే" అని గీత గీసుకునేది సరిగ్గా అక్కడే. నేలకు ఇంకా పది సెకన్లుంది. అదే మనిషి 2,000 దగ్గర మొదలుపెట్టి ఉంటే అప్పటికి 1,300 దగ్గరుంటాడు, చేతిలో ఉన్నది ఏడు సెకన్లు. చేయి కాస్త తడబడినా, పిడి ఒక్కసారికి దొరక్కపోయినా అంతే సంగతులు. అందుకే నేనంటాను, ఎత్తును నిర్ణయించేటప్పుడు చూసుకోవలసింది పారాచూట్ తెరుచుకుంటే సరిపోతుందా అని కాదు. అది తెరుచుకోకపోతే రెండోదానికి సమయం మిగులుతుందా అని.

ఇంత ప్రమాదానికి ఒప్పుకుంటే దక్కేదేమిటి? సుమారు 13,000 అడుగుల నుండి దూకితే ఒక నిమిషం పాటు ఊరికే పడిపోయే ఆనందం ఉంటుంది. 3,000కు బదులు 2,000 దగ్గర విప్పితే ఆ ఆనందం ఆరు సెకన్లు పెరుగుతుంది, అంటే పదోవంతు. నేలకు మిగిలిన సమయం మాత్రం 17 సెకన్ల నుండి 11కు పడిపోతుంది, అంటే మూడోవంతు గల్లంతు. సంతలో బేరం తెలిసిన ఏ ముసలమ్మా ఇలాంటి బేరానికి ఒప్పుకోదు.

మా వాదనలో మిత్రులు వేసిన ప్రశ్నలకు కూడా జవాబు చెప్పాలి. "నేల కనిపిస్తూనే ఉంటుంది కదా, చూసి విప్పితే పోలేదూ?" అన్నాడొకడు. పైన ఉన్నంతసేపు నేల కదిలినట్టే అనిపించదు. మరీ కిందికి వచ్చాక ఒక్కసారిగా ఉబికి మీదికి వస్తున్నట్టుంటుంది. కన్ను నిజం చెప్పేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే ఆల్టిమీటర్‌ను నమ్మాలి. దాన్ని కూడా దిగబోయే నేలకు సున్నా పెట్టుకొని నమ్మాలి. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. సముద్రమట్టం నుండి లెక్కిస్తే అక్కడ 3,000 అడుగులంటే ఆకాశం కాదు, నడివీధి!

"మనిషి విప్పకపోయినా విప్పే యంత్రముంది గదా" అన్నాడు ఇంకొకడు. ఉంది. 1991లో జర్మనీ నుండి వచ్చిన సైప్రెస్ లాంటి యంత్రాలు ఎందరినో బతికించాయి. స్పృహ తప్పినవాడికి అలాంటి ఏర్పాటు ప్రాణదానమే. 1959 నవంబరులో చాలా ఎత్తున బెలూన్ నుండి దూకిన జోసెఫ్ కిట్టింజర్ గిరగిర తిరిగి స్పృహ కోల్పోతే, దానంతటదే విచ్చుకునే పారాచూటే ఆయన్ను కాపాడింది. అయితే అనుభవజ్ఞుల కోసం చేసిన సైప్రెస్ పని చేసేది సుమారు 750 అడుగుల దగ్గర. అక్కడి నుండి నేలకు నాలుగు సెకన్లు. అది ఆఖరి కాపలాదారే గాని, మన బదులు పరీక్ష రాసిపెట్టే స్నేహితుడు కాదు. పైగా ఆలస్యంగా విప్పితే, పెద్ద పారాచూట్ ఇంకా విచ్చుకుంటూ ఉండగానే ఈ యంత్రం రిజర్వును కూడా వదలవచ్చు. రెండూ ఒకేసారి నెత్తిమీదికి వస్తే అదింకో తలనొప్పి.

"అలాగైతే 10,000 దగ్గరే విప్పేస్తే పోలా?" అన్నది మూడో ప్రశ్న. వేళాకోళానికి అడిగినా మంచి ప్రశ్నే. అంత పైన విప్పితే గాలి ఎక్కడికో ఈడ్చుకుపోవచ్చు. వెనక దూకినవాళ్ళు అదే దారిలో రాయిలా పడుతూ వస్తుంటారు. కనుక పైన విప్పదలచుకున్నవాడు విమానం ఎక్కకముందే తోటివాళ్ళకు, పైలట్‌కు చెప్పి తీరాలి. గుంపుగా దూకేవాళ్ళు విప్పే ఎత్తుకు కనీసం 1,500 అడుగుల పైనే ఒకరికొకరు దూరంగా జరగాలి. అంటే ఇది ఒక్కడి ఇష్టం కాదు, అందరి మధ్య ఒప్పందం. మధ్యలో ఒకడు సరదాకి మాట తప్పితే పక్కవాడి ప్రాణం మీదికి కూడా వస్తుంది.

అసలు చిక్కల్లా లెక్క తెలియకపోవడంలో లేదని నా నమ్మకం. సెకనుకు 176 అడుగులన్నది ఇంటర్ చదివినవాడు కూడా వేసుకోగల లెక్కే. చిక్కు చప్పట్లలో ఉంది. నువ్వు 2,500 అంటే నేను 2,000, వాడు 1,800. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఈ పందానికి ఎక్కడో ఒకచోట నేల అడ్డం వస్తుంది. సెల్‌ఫోన్లలో వీడియోలు చూసి "అబ్బ, ఎంత కిందికొచ్చి విప్పాడురా!" అని మనం కొట్టే చప్పట్లే, రేపు ఇంకొకణ్ణి ఇంకో రెండు సెకన్లు ఆగేలా చేస్తాయి. మన దేశంలో రేచల్ థామస్ 1979లో దూకి, స్కైడైవింగ్ చేసిన తొలి భారతీయ మహిళగా పేరు తెచ్చుకున్నారు. 2002లో ఉత్తర ధ్రువం మీద కూడా దూకారు. అన్నేళ్ళు ఆకాశంలో నిలిచిన ఘనత ముందు రెండు సెకన్ల ఘనత ఏపాటిది?

మన విద్యార్థి సంఘం సాహస క్రీడల క్లబ్బు పెట్టాలని కొందరు మిత్రులు పట్టుబడుతున్నారు. తప్పక పెట్టాలి. అయితే క్లబ్బు గది గోడమీద ముందుగా మూడు మాటలు రాయించాలని నా మనవి. ఒకటి, విప్పే ఎత్తు నేలమీదే కాగితంమీద రాసి సంతకం పెట్టాలి. రెండు, గాలిలో ఏమాత్రం అనుమానం వచ్చినా అంతకంటే ముందే విప్పవచ్చు, ఆలస్యంగా మాత్రం కూడదు. మూడు, ముందుగా విప్పినవాణ్ణి చూసి నవ్వినవాడికి ఆ ఏడాది విమానం ఎక్కే అవకాశం లేదు.

ఈ మూడోదానికి మా హాస్టల్ మిత్రులు ఇంకా ఒప్పుకోలేదు. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది అదే.