పొలము పేరు చెప్పని సేంద్రియము మనకు వద్దు



చంటిబిడ్డకు జావ కాచుటకై ఒక తల్లి మొన్న ఆత్మకూరులో రెట్టింపు వెల యిచ్చి కొనిన రాగిపిండి సంచిపై "సేంద్రియము" అను పెద్ద అక్షరములు తప్ప పండించిన ఊరి పేరు గాని, ధ్రువీకరణ సంఖ్య గాని, ప్రభుత్వ ముద్ర గాని లేవు. అడిగినందుకు "కొంటే కొనమ్మా, లేకుంటే పో" అను జవాబు మాత్రము లభించినది.

బిడ్డల ఆరోగ్యమును గోరియో, పురుగుమందులకు వెఱచియో, నేల బాగుపడవలెననియో జనులు సేంద్రియాహారమును కొనుచున్నారు. ఈ మూడింటికిని మూలము నమ్మకమే. ఏలయన రసాయనావశేషము కంటికి కానరాదు, నాలుకకు తెలియదు. సజ్జ, జొన్న, రాగి పండించువాడును తినువాడును ఒక్క ఊరివారైన కాలమున మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్టసీమకు ముద్రలతో పనిలేకుండెను. 1983 లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప ఆ చిరుధాన్యములు చేలనుండియు పళ్లెములనుండియు చాలవరకు తొలగిపోగా, నేడవి తిరిగి వచ్చుసరికి పొలమునకును పొయ్యికిని నడుమ వర్తకుడు కూర్చుండియున్నాడు.

ధ్రువీకరణ లేని సంచిపై "సేంద్రియము" అని అచ్చువేయుట పొరపాటు కాదు, దొంగతనము! సేంద్రియమని అమ్ము సరకు జాతీయ సేంద్రియోత్పత్తి కార్యక్రమము క్రింద గాని, రైతులే ఒకరినొకరు తనిఖీ చేసికొను పీజీఎస్ పద్ధతిని గాని ధ్రువీకరణ పొందవలెనని 2017 నాటి ఆహార భద్రతా నిబంధనలు శాసించుచున్నవి. నేరుగా అమ్ముకొను చిన్న రైతునకిచ్చిన మినహాయింపు, ఎక్కడనో కొనితెచ్చి అమ్ము వర్తకునకు చెందదు. ఏడాది పంటకు రెండేండ్లు, నిమ్మవంటి తోటకు మూడేండ్లు రసాయనములు మాని, తగ్గిన దిగుబడిని ఓర్చుకొని, పేడయు మూత్రమును బెల్లమును శనగపిండియు కలిపి జీవామృతము పోసిన రైతు కష్టమును, ఒక్క అచ్చు చీటీతో అపహరించుట కంటె నీచమేమున్నది? 2016 నుండి మన రాష్ట్రమున సాగుచున్న ఇట్టి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమునకు 2024 లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమానమున భాగము దక్కినది. లోకము మెచ్చిన ఆ రైతునకు సొంత మండలపు అంగడిలో చోటు లేదు!

ధర ఎక్కువ యందురా? దళారి తొలగినచో ఆ వాదమున సగము తొలగును.

కావున ఉదయగిరిలోను ఆత్మకూరులోను ప్రకృతి వ్యవసాయదారులు వారమున కొకనాడు నేరుగా అమ్ముకొనుటకు స్థానిక సంస్థలు నీడగల స్థలము నీయవలెను. ప్రతి రాశిపై ఊరు పేరును, రైతు పేరును వ్రాయించవలెను. ఆహార భద్రతాధికారులు నెలనెలా నమూనాలు పరీక్షించి ఫలితములను అంగడిలోనే అంటింపవలెను. అధికారులు కదలువరకు మనము ఊరకుండరాదు. ఏ ఊరు? ఎవరి పొలము? ఏ ధ్రువపత్రము? అని ప్రతి దుకాణమునందును అడుగుడు. జవాబు లేనిచోట ఒక్క రూపాయియు ఈయకుడు!