మన నేల కథాటలకు మనమే పోషకులమవుదాం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠకులకు, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, వ్యాపారులకు విజ్ఞప్తి



2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రం తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు గుర్తు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివని పురావస్తు అధికారులు చెప్పారు. ఆ కుండను ఎవరు దాచారు? దాచినవాళ్లు మళ్లీ ఎందుకు రాలేకపోయారు? ఈ ప్రశ్నలు పట్టుకుని, మన పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని ఆడుకునే కథాట ఒకటి రాయించాలన్నది మా కోరిక. దానికి మీ చందా అడగడానికే ఈ కరపత్రం.

ఆట ఎట్లా ఉంటుంది?

ఒకరు కథ నడుపుతారు. మిగతా నలుగురైదుగురు తలా ఒక పాత్ర తీసుకుంటారు. కాగితం, పెన్సిలు, పాచికలు ఉంటే చాలు. కథ నడిపే అతను అంటాడు: "పొద్దుగూకింది. విహారం మెట్ల దగ్గర ఇద్దరు రౌతులు మిమ్మల్ని ఆపారు. మూటలో ఏముందని అడుగుతున్నారు." వ్యాపారి పాత్ర తీసుకున్న అమ్మాయి, "మూట విప్పను, ఉప్పని చెప్తా" అంటుంది. రౌతు నమ్మాడా లేదా తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పదిహేడు పడితే దారి వదిలాడు. నాలుగు పడితే కత్తి మొనతో మూట పొడిచి చూశాడు. ఇప్పుడేం చెయ్యాలో ఆ అమ్మాయే ఆలోచించుకోవాలి, పక్కవాళ్లను ఒప్పించుకోవాలి, నోరు తెరిచి తెలుగులో చెప్పాలి. బడిలో పాఠం అప్పజెప్పడానికే భయపడే పిల్లలకు ఇంతకంటే మంచి సాధన ఏముంటుంది?

ఈ తరహా ఆట 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో మొదలై దేశదేశాలకు పాకింది. ఆడాలని మన పిల్లలు ముచ్చటపడితే దొరికేవి ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాలే. వాటిలో కోటలు, అడవులు, దయ్యాలు అన్నీ పరాయి నేలవే. తెలుగులో రాయాలంటే ఊళ్లు, దారులు, మనుషులు, వాళ్ల పగలు, ఆశలు, ఆటగాళ్లు తీసుకోగల ప్రతి మలుపూ ముందే ఆలోచించి పెట్టుకోవాలి. అది నెలల తరబడి పని. అమ్ముడుపోతుందో లేదో తెలియని పుస్తకానికి ఏ ప్రచురణకర్త డబ్బు పెడతాడు?

పోషకుల పద్ధతి

దీనికి దారి దొరికింది. ఈ ఆటల రచయిత, సంపాదకుడు వోల్ఫ్‌గాంగ్ బౌర్ 2006లో 'ఓపెన్ డిజైన్' పేరుతో ఒక పని మొదలుపెట్టాడు. ఆడేవాళ్ల దగ్గరే ముందుగా డబ్బు తీసుకుని, వాళ్లు కోరిన కథాట రాసిచ్చాడు. డబ్బిచ్చినవాళ్లు రాతప్రతి చూశారు, సలహాలిచ్చారు. ఆ ప్రయత్నమే పెరిగి 'కోబోల్డ్ ప్రెస్' అనే ప్రచురణ సంస్థ అయింది.

మన నేలకు ఇది కొత్త సంగతా? సూర్యాపేటకూ కోదాడకూ నడుమ ఉన్న మునగాలనే చూడండి. ఆ సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావుకు రాజా నాయని వెంకట రంగారావు అండగా నిలిచారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి అనే ప్రచురణ సంస్థ వెలిశాయంటే, రాసేవాళ్ల పట్టుదలకు ఇచ్చేవాళ్ల మనసు తోడైంది కాబట్టే. నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుని జనం దగ్గరికే వెళ్లారు. అంతకు ఎంతో ముందు నుంచీ మందహెచ్చులవాళ్లు యాదవుల ఆదరణతో చెక్కబొమ్మలు ముందు పేర్చుకుని కాటమరాజు కథ చెబుతూ వచ్చారు. కథ తమది అనుకున్నవాళ్లే కథకుణ్ని నిలబెట్టారు. అప్పుడు రాజు చేసిన పనిని ఇప్పుడు రెండు వందల మంది కలిసి చెయ్యగలరు.

మా ప్రతిపాదన

మూడు పట్టణాల నుంచి 200 మంది, తలా 500 రూపాయలు. మొత్తం లక్ష. రచనకు 35,000, బొమ్మలకూ పటాలకూ 20,000, ముద్రణకు 30,000, ఊరూరా ఆడి చూడటానికి 10,000, అనుకోని ఖర్చులకు 5,000. మొదటి పుస్తకం ఫణిగిరి మీద.

అది నిలబడితే రెండోది కోదాడ వైపు. ఒకప్పుడు చుట్టూ నిజాం ఇలాకా, మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీ కింద కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా. నిజాం ఇలాకాలోకి పుస్తకాల మూట దాటించాలంటే ఎన్ని కళ్లు కప్పాలి! మూడోది మిర్యాలగూడ వైపు, మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి రేవు మీద.

డబ్బు విషయంలో మాట స్పష్టంగా ఉండాలి. అందుకే ఈ కట్టుబాట్లు:

1. 200 మంది పూర్తయ్యేదాకా చందా ఖర్చుపెట్టకూడదు. ఆరు నెలల్లో పూర్తికాకపోతే ఎవరి డబ్బు వారికి తిరిగివ్వాలి.
2. ప్రతి పోషకుడికీ ఒక ప్రతి, పుస్తకంలో పేరు. ఎక్కువ ఇచ్చినవారికీ అంతే.
3. రాతప్రతిని మూడు పట్టణాల్లోనూ పోషకులు ఆడి చూడాలి. ఎక్కడ కథ కుంటుపడిందో రాసివ్వాలి.
4. సలహా ఇచ్చే హక్కు అందరిదీ. చివరి మాట రచయితది.
5. ఏ కులాన్నీ మతాన్నీ కించపరిచే పాత్ర ఉండకూడదు. చరిత్ర ఏదో, కల్పన ఏదో పుస్తకం చివర విడిగా చెప్పాలి.
6. మిగిలిన ప్రతులు ముందుగా శాఖా గ్రంథాలయాలకు, ప్రభుత్వ బడులకు చేరాలి.
7. జమాఖర్చులు నెలనెలా అందరికీ చూపించాలి.

కొన్ని సందేహాలు

పాచికలంటే జూదం కాదా అని పెద్దలు అడుగుతారు. ఇందులో పందెం లేదు, పైసా చేతులు మారదు. ఒకరు గెలిచి ఒకరు ఓడడమూ లేదు. గట్టెక్కితే అందరూ కలిసే గట్టెక్కాలి.

డబ్బిచ్చినవాళ్లు రచయిత నెత్తినెక్కి కూర్చోరా అన్నది మరో అనుమానం. ఒక్కడే పోషకుడైతే ఆ భయం నిజమే. రెండు వందల మంది కలిసి ఇచ్చినప్పుడు ఎవరి పెత్తనమూ సాగదు. నాలుగో కట్టుబాటు పెట్టింది అందుకే.

ఫోన్లుండగా ఇవెవరికి కావాలి అంటారు కొందరు. ఫోన్లో ఆటను ఎవరో ఎక్కడో తయారుచేసి పంపుతారు, మన పిల్లలు దాని దారిలో నడవాల్సిందే. ఇక్కడ దారి వేసేది పిల్లలే. పిల్లలమర్రి గుళ్లు చూసి నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చే పిల్లవాడు, రేపు తన కథాటకు పటం గీసుకోవడానికి వెళ్తే స్తంభాలు లెక్కపెడతాడు, శాసనంలో ఏముందని అడుగుతాడు.

ఇప్పుడు మీరు చేయాల్సింది

మిల్లు యజమానులారా, దుకాణదారులారా, మీ దగ్గర పనిచేసేవారి పిల్లల పేరున ఒక్కో చందా కట్టండి. ఉపాధ్యాయులారా, మీ బడిలో ఒక శనివారం మధ్యాహ్నం ఈ ఆటకివ్వండి. అమెరికాలో, హైదరాబాదులో స్థిరపడిన మన ఊరి బిడ్డలారా, మీరు అక్కడ ఆడిన అనుభవం ఇక్కడి రచయితకు చెప్పండి. రాయగల, బొమ్మలు గీయగల యువతీ యువకులారా, ముందుకు రండి. మీ పనికి ఇక్కడ మర్యాదతోపాటు డబ్బూ ఉంది.

డబ్బు ఇచ్చే ముందు ఒక్కసారి ఆడి చూడండి. ఈ కరపత్రం తెచ్చిచ్చినవారిని అడిగితే మీ వీధిలోనే బల్ల వేస్తారు. నచ్చితే చందా పుస్తకంలో మీ పేరు రాయించి, రసీదు తీసుకోండి. రెండు వందల పేర్లు నిండిన మర్నాడే రాత మొదలవుతుంది.

ఇట్లు,
మూడు పట్టణాల కథాభిమానులు