క్లచ్ జారితే డ్రైవర్నే అనాలా?

ముందే చెప్పేస్తున్నా, నేను సీఎస్ఈ. మెకానికల్ వాళ్ళు ఇందులో తప్పులు పడితే హాస్టల్లోనే ఉంటాను, వచ్చి తిట్టండి. నా తెలుగు కూడా ఇంగ్లీష్ మీడియం తెలుగే. అయినా సంక్రాంతి సెలవుల్లో మా చిన్నాన్న పికప్ బండి దగ్గర జరిగింది రాయాలనిపించింది. ఎందుకంటే అందులో నా తప్పు కూడా ఉంది.

చిన్నాన్న వాళ్ళది విజయనగరం. బండి సిమెంటు బస్తాలు వేసుకుని సాలూరు మీదుగా ఒడిశా వైపు వెళ్తుంది. సాలూరు దాటాక సుంకి వరకు ఘాట్ రోడ్డు. దసరా ముందు ఆ ఎక్కుడులోనే క్లచ్ జారడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ గోల పెరుగుతుంది, బండి స్పీడు మాత్రం పెరగదు. పైగా కాలిన వాసన. ఊళ్ళో ఒక షెడ్డులో చూపిస్తే క్లచ్ సెట్టు మొత్తం మార్చారు. "డ్రైవరు క్లచ్ మీద కాలేసి తోలుతున్నాడు, అందుకే పోయింది" అని ఒక మాట కూడా అన్నారు.

చిన్నాన్న ఆ మాట పట్టుకున్నాడు. డ్రైవర్ జీతంలో నెలకి రెండు వేలు కోత పెట్టాడు. ఆయన్ని నేను చిన్నప్పట్నుంచి మావయ్యా అనే పిలుస్తాను. "నాను కాలెట్టనేదు బాబూ" అని రెండుసార్లు చెప్పాడు. నేనేం చేశాను? ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, "హాఫ్ క్లచ్ మీద తోలితే ప్లేటు కాలిపోద్ది చిన్నాన్నా, నిజమే" అన్నాను. ఆ మాట తప్పు కాదు. కానీ ఈ బండికి అదే జరిగిందని నాకెవరు చెప్పారు?

పండక్కి మూడు రోజుల ముందు అదే ఘాట్‌లో, కొత్త సెట్టుతో, మళ్ళీ జారింది. ఎలాగో వెనక్కి దించి సాలూరు తెచ్చారు. సాలూరు అంటే లారీల ఊరు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది గానీ, మా ఇళ్ళల్లో ఇంకా విజయనగరం జిల్లా అనే అంటారు. నేనూ చిన్నాన్నా బస్సెక్కి వెళ్ళాం.

అక్కడి మేస్త్రీ వెంటనే పానా పట్టుకోలేదు. "ఖాళీ బండికీ జారతందా, లోడుకేనా? పెడలు ఎక్కడ అందుకుంతంది?" అని డ్రైవర్ మావయ్యనే అడిగాడు. మా ఇద్దరి వైపు చూడనే లేదు. తర్వాత చక్రాలకి రాళ్ళు పెట్టించి, హ్యాండ్ బ్రేక్ లాగి, నాలుగో గేరులో వేసి మెల్లగా క్లచ్ వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజిన్ ఆగిపోవాలి. ఆగలేదు, అలా తిరుగుతూనే ఉంది. ఎక్కువసేపు చెయ్యకూడదట, ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది.

అప్పుడూ గేర్‌బాక్స్ దించలేదు. కింద స్లేవ్ సిలిండర్ దగ్గర బ్లీడ్ నట్టు వదులు చేసి మళ్ళీ చూశాడు. పెడల్ వదిలాక కూడా లైన్లో ప్రెజర్ ఉండిపోతే ప్రెజర్ ప్లేటు పూర్తిగా పట్టదు. అదే రోగమైతే నట్టు విప్పగానే పట్టు రావాలి. రాలేదు. అంటే రోగం లోపల. అప్పుడు దించమన్నాడు.

గేర్‌బాక్స్ కిందకి వచ్చాక బెల్ హౌసింగ్ లోపల తడిగా, నల్లగా ఉంది. వేలితో తీసి వాసన చూసి, "ఇంజినాయిలు" అన్నాడు. గేరాయిలైతే చిక్కగా ఉండి గంధకం లాంటి ఘాటు వాసన వస్తుందట. ప్లేటు చూపించాడు. లైనింగ్ మందం దాదాపు అలాగే ఉంది, రివెట్లు ఇంకా లోపలికే ఉన్నాయి. కానీ పైన నూనె పూసిన అట్టులా మెరుస్తోంది. క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీలు కారుతోంది. మొదటిసారి కూడా అదే కారి ఉంటుంది. కొత్త ప్లేటు కాబట్టి నూనె పట్టేదాకా మూడు నెలలు లాగింది. కాలు వేసి తోలితే లైనింగ్ అరిగి రివెట్లదాకా వచ్చేది గానీ ప్లేటుకి ఇంజిన్ ఆయిల్ అంటుకోదు కదా.

ఫ్లైవీల్ విప్పి సీలు మార్చాడు. ఇంజిన్ బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే అదీ శుభ్రం చేశాడు, లోపల గాలి బిగిస్తే కొత్త సీలునీ తోసేస్తుందట. ప్లేటు మళ్ళీ కొత్తదే. నూనె తాగిన లైనింగ్ కడిగినా పనికిరాదు.

కోఎఫిషియెంట్ ఆఫ్ ఫ్రిక్షన్ ఇంటర్లో నాకు ఫుల్ మార్కులు. అది తగ్గడం అంటే ఇదని ఆ షెడ్డులో తెలిసింది.

ఇప్పుడు నా గొడవ. మొదటి షెడ్డుని తిట్టడం తేలిక, నేనూ తిట్టాను. కానీ మనం దేనికి డబ్బులిస్తున్నాం? పార్టు మారిస్తే ఇస్తాం. గంటసేపు చూసి "సెట్టు బాగుంది, సీలు చాలు" అంటే, సీలు ఖరీదు ఇచ్చి "దీనికింతసేపా" అంటాం. చూసినందుకు కూలి లేనప్పుడు ఎవడు చూస్తాడు? మనమూ అంతే. ల్యాబులో ఎర్రర్ వస్తే మెసేజ్ చదవం, అన్నీ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తాం. కాకపోతే మన ఇన్‌స్టాల్‌కి ఎవరి జీతమూ కొయ్యరు.

క్లచ్ మీద కాలేసి తోలే డ్రైవర్లు లేరని నేననట్లేదు. ఓవర్‌లోడ్‌తో ఘాట్ ఎక్కించే ఓనర్లూ ఉన్నారు, మా చిన్నాన్నతో సహా. అలాంటప్పుడు పాత ప్లేటు దగ్గర పెట్టి, రివెట్లు చూపించి అడగాలి. మొదటిసారి తీసిన ప్లేటు అసలు ఎవరం చూడలేదు. షెడ్డులోనే పాత ఇనుములో వదిలేసి వచ్చాం. ఏ ఆధారమూ లేకుండా కోత మొదలైంది, ఎందుకంటే అక్కడున్న అందరిలో ఎదురు మాట్లాడలేనివాడు డ్రైవరే. మెషిన్ గురించి ఎక్కువ తెలిసినవాడూ ఆయనే. మేస్త్రీకి ఆ సంగతి తెలుసు, ముందు ఆయన్నే అడిగాడు. "మీకేటి అనుమానం మావయ్యా" అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

తర్వాత అడిగాను. దసరా ముందే బండి కింద రోడ్డు మీద నూనె చుక్కలు చూశాడట. "సెప్తే, నీకెందుకు తోలు అన్నారు" అన్నాడు.

చిన్నాన్న కనుమ రోజు ఆరు వేలూ లెక్కపెట్టి ఇచ్చాడు. మావయ్య తీసుకున్నాడు, టీ తాగాడు, బండి తాళాలు బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు వేరేవాళ్ళ బండి తోలుతున్నాడు.