తీగ కింద పొలం: కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖకు బహిరంగ లేఖ



హైటెన్షన్ లైను పోయే పొలాలకు పరిహారంపై మంత్రిత్వ శాఖ 2025 మార్చి 21న అనుబంధ మార్గదర్శకాలు ఇచ్చింది. తీగల కిందికి వచ్చే భూమికి గ్రామాల్లో భూమి విలువలో 30 శాతం, పురపాలక పట్టణాల్లో 45 శాతం, నగరపాలక సంస్థలు, మహానగర ప్రాంతాల్లో 60 శాతం అని వాటిలో ఉంది. లైను ఒకటే, తీగ ఒకటే, ఆంక్ష కూడా ఒకటే. దాని కింద ఎక్కడా ఏ కట్టడమూ లేవకూడదు. నగరంలో భూమి ధర ఎక్కువ గనుక ఒకే శాతం ఇచ్చినా అక్కడివారికి ఎక్కువ సొమ్మే ముడుతుంది. ధర తక్కువున్న చోటే శాతాన్నీ తగ్గించడానికి ఆధారం ఏమిటి? నగరంలో ఇల్లు కట్టుకునే హక్కు పోతుందన్నది కారణమైతే, ఊళ్లో పొలం గట్టున పశువుల కొట్టం వేసుకునే హక్కు, కొడుకు కోసం రెండు గదులు కట్టుకునే హక్కు పోవడం లెక్కలోకి రాదా?

గతంతో పోలిస్తే ఇప్పటి రేట్లు మెరుగే. 2015 అక్టోబరు మార్గదర్శకాల ప్రకారం టవర్ నిలిచే చోటుకు భూమి విలువలో 85 శాతం ఇచ్చేవారు. తీగల కింది భూమికి 15 శాతం మించేది కాదు. 2024 జూన్ 14న ఇవి 200, 30 శాతాలకు పెరిగాయి. రిజిస్ట్రేషన్ విలువతో సరిపెట్టకుండా మార్కెట్ ధర తేల్చే కమిటీ, అందులో రైతుల ప్రతినిధికి చోటు 2025లో వచ్చాయి. ఇవన్నీ ఏళ్ల తరబడి రైతులు పనులకు అడ్డం పడుకుని సాధించుకున్నవే.

అయితే 200 శాతం అన్న పెద్ద అంకె పడేది చిన్న చోటు మీద. టవర్ నాలుగు కాళ్ల మధ్య స్థలం, దానికి చుట్టూ ఒక మీటరు మాత్రమే ఆ లెక్కలోకి వస్తుంది. కాళ్ల మధ్య 12 మీటర్లుంటే అది అయిదు సెంట్లు కూడా కాదు. అసలు విస్తీర్ణం తీగల కింద ఉంటుంది. 400 కేవీ లైనుకు సాధారణంగా 46 మీటర్ల వెడల్పు, 765 కేవీ డబుల్ సర్క్యూట్‌కు 67 మీటర్లు. 400 కేవీ లైను ఒక కమతంలో వంద మీటర్లు సాగితే ఎకరా పదమూడు సెంట్లకు పైగా దాని కిందికి పోతుంది. చిన్న రైతుకు అది ఉన్న పొలంలో సగం కావచ్చు.

పొలంలో నష్టం మూడు విడతల్లో జరుగుతుంది. మొదట పునాదులు. నాలుగు గుంతలు తవ్వి అడుగున ఉన్న గరుపమట్టి తెచ్చి పైన సారవంతమైన మట్టి మీద పోస్తారు. కాంక్రీటు కలిపిన నీళ్లు పంటకాలువలోకి వదులుతారు. తర్వాత టవర్ ఎత్తేటప్పుడు క్రేన్లు, ట్రాక్టర్లు తిరిగి డ్రిప్ పైపులు తెగుతాయి. ఆ మీదట తీగలు లాగేటప్పుడు నిలబడ్డ పంట మధ్యనుంచి తాళ్లు ఈడుస్తారు. ఒక్కో విడత ఒక్కో పంటకాలంలో పడితే మూడు పంటలూ దెబ్బతిన్నట్టే. పంట నష్టం డబ్బు ఇస్తారు, నిజమే. గట్టిపడిన నేల తిరిగి దారికి రావడానికి పట్టే ఏళ్లకు మాత్రం ఏ పద్దూ లేదు. టవర్ కాళ్ల మధ్య నాగలి తిరగదు. అక్కడ పెరిగిన కలుపు విత్తనం చుట్టుపక్కల మడులన్నిటికీ పాకుతుంది. వరికోత మిషన్ చుట్టు తిరిగి పోవాలి. తీగ కింద బోరు బండి నిలపడం ప్రాణాంతకం.

చెట్ల సంగతి ఇంకా కష్టం. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఆయిల్‌పామ్ వేయమని ప్రభుత్వాలే ప్రోత్సహిస్తున్నాయి. ఎకరాకు 57 మొక్కల లెక్కన, పై ఉదాహరణలో అరవైకి పైగా చెట్లు పోతాయి. పాతికేళ్లు కాపు కాసే చెట్టుకు ఒక్కసారి ధర కట్టి, ఆ చోట మళ్లీ ఎత్తయిన చెట్టు పెంచవద్దంటే మిగిలిన ఏళ్ల ఆదాయం ఎవరివ్వాలి?

కౌలు రైతు పరిస్థితి అడిగేవారే లేరు. పాసుపుస్తకం యజమానిది, పోయిన పంట కౌలుదారుది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు సాగుదారు కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోవాలి. కార్డు లేనివాడి పంట నష్టం ఎవరి ఖాతాలో పడుతోంది?

వీటన్నిటి వెనుక 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఉంది. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద ఆ చట్టపు అధికారాలు పొందిన సంస్థకు రైతు సమ్మతి అక్కర్లేదు. రైతు అడ్డుకుంటే జిల్లా మెజిస్ట్రేటు పని సాగనివ్వమని ఆదేశించవచ్చు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం పాతదాన్ని రద్దుచేస్తూ కూడా, విద్యుత్ లైన్ల కోసం అందులోని భాగాన్ని బతికించి ఉంచింది. తెల్లదొరల కాలపు చట్టంలో తక్కిందంతా పోయి రైతు మెడమీదున్నదే ఎందుకు మిగలాలి? పరిహారం చాలకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లాలి, ఆయన తీర్పే అంతిమం. అప్పటికి టవర్ లేచి ఉంటుంది, తీగలో కరెంటు పారుతూ ఉంటుంది. భూమి ఎక్కడుంది, తీగల మధ్య దూరమెంత, వాడుక ఎంత పోయింది అన్నవి చూసే పరిహారం తేల్చాలని 2007లో కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రామాలన్నిటికీ ఒకే శాతం కట్టే పద్ధతి ఈ మాటకు ఎలా పొసగుతుంది?

లైను ఆయుష్షు 35 ఏళ్లుగా లెక్కగట్టి, ఆ కాలమంతా సంస్థకు ఏటేటా ట్రాన్స్‌మిషన్ చార్జీలు వచ్చేలా ఏర్పాటు ఉంది. అదే 35 ఏళ్లు తీగను నెత్తిన మోసే పొలానికి ఒక్కసారి చెల్లింపు. పన్ను, గట్ల మరమ్మతు, బ్యాంకు అప్పు రైతువే. కొనడానికి వచ్చినవాడు తీగ చూసి వెనుదిరిగితే ఆ నష్టమూ రైతుదే. లైను ఆదాయంలోంచి ఏటా కౌలు వంటిది ఇస్తే కాదనేదెవరు?

పైగా ఈ మార్గదర్శకాలు 66 కేవీ, అంతకు మించిన లైన్లకే. 33 కేవీ, 11 కేవీ స్తంభాలు నిండిన పొలాలకు వీటితో సంబంధం లేదు. రాష్ట్రాలు వీటిని తీసుకోవచ్చు, తమవి తాము రాసుకోనూ వచ్చు. పక్కపక్క సర్వే నంబర్లలో రాష్ట్ర లైనుకు ఒక రేటు, అంతర్రాష్ట్ర లైనుకు ఇంకో రేటు పడితే ఊళ్లో ఎవరు ఎవరికి సమాధానం చెప్పాలి? భూమి అడుగున పోయే చమురు, గ్యాస్ పైపులకైతే 1962 చట్టం ఇప్పటికీ భూమి విలువలో 10 శాతం దగ్గరే ఆగింది.

2030 నాటికి శిలాజేతర విద్యుత్ 500 గిగావాట్లకు చేరాలన్నది దేశం లక్ష్యం. అందుకు కొత్త లైన్లు తప్పవని రైతులకూ తెలుసు. ఈసారి మార్గదర్శకాలు సవరించేటప్పుడు, గ్రామాల శాతం మొదలుకొని కౌలుదారు ఖాతా దాకా, మంత్రిత్వ శాఖ టవర్లున్న పొలాలకు వచ్చి మాట్లాడాలి.