గృహ విషయములు: ముందువెనుకల కాడు ఱంపము

చందానగరమునుండి మా సోదరీమణి యొకతె యీ నెల మాకొక జాబు వ్రాసినది. ఆమె పెనిమిటి పాత యిండ్లను విప్పి బాగుచేయు పనులను గుత్తకు పట్టుచుందురు. మరిది లింగంపల్లి చెంత కార్లు బాగుచేయు షెడ్డులో పనివాడు. ఇరువురకును పనికివచ్చు కరెంటు ఱంపము నొకదానిని కొనవలెనని యన్నదమ్ములు నిశ్చయించిరి. సొమ్ము మాత్రము ఆమె చీటీ కట్టి కూడబెట్టినది. “ఇది మగవారి పనిముట్టు, నీకేమి తెలియునని వారందురు. పనికిరానిది కొన్నచో పోవునది నా సొమ్మే కదా!” యని యామె యడుగుచున్నది. అడుగుట న్యాయమే. బంగారము కొనునప్పుడు వన్నె చూచు మనము, పనిముట్టు కొనునప్పుడు మాత్రము గుణమేల విచారింపరాదు?

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ ప్రాంతమున గృహనిర్మాణము మిక్కిలి పెరిగినది. కట్టుటతోపాటు విప్పుటయు పెరిగినది. పాత ద్వారబంధములు, ఇనుప గొట్టములు, సగము పాతుకొనిన కడ్డీలు కోయుటకు గ్రైండరు ప్రవేశింపని మూలలనేకము లుండును. అట్టిచోట నుపయోగించునదే యీ ఱంపము. దీనిని అంగళ్లలో రెసిప్రొకేటింగ్ సా యనియు, సేబర్ సా యనియు నందురు. కుట్టుమిషను చక్రము తిరుగగా సూది మీదికిని క్రిందికిని ఆడునట్లే, ఇందు మోటారు తిరుగగా బ్లేడు ముందునకును వెనుకకును ఆడును. 1951లో అమెరికాలోని మిల్వాకీ కంపెనీ ‘సాజాల్’ అను పేరుతో దీనిని విక్రయింప నారంభించెను.

ఇది నునుపుగా కోయు పనిముట్టు కాదని మొదటనే తెలిసికొనవలెను. కొత్త తలుపునకు అంచు తీయుటకు ఇది తగదు. తీసివేయవలసిన దానిని తీసివేయుటకే యిది తగును. గ్రానైటును, టైల్సును దీనితో కోయ యత్నించిన బ్లేడే యరిగిపోవును. తేలికపాటి సిమెంటు దిమ్మలను మాత్రము కార్బైడు పండ్లుగల ప్రత్యేకపు బ్లేడుతో కోయవచ్చును.

ఇక కొనునప్పుడు చూడవలసినవి నాలుగు.

మొదటిది బ్లేడాడు దూరము. దీనిని స్ట్రోకు అందురు. చిన్న యంత్రములలో ఇది 20 మిల్లీమీటర్లకు అటునిటుగాను, పెద్దవానిలో 28 మొదలు 32 మిల్లీమీటర్ల వఱకును ఉండును. దూరమెక్కువైన కొలది పని త్వరగా సాగును. ఇంటి విప్పుడు పనికి 28కి తక్కువ కానిది మేలు.

రెండవది వేగము. నిమిషమునకు మూడువేల వఱకు ఆడు యంత్రములు కలవు. కాని కొయ్యకు వేగము, ఇనుమునకు నిదానము కావలెను. ఇనుముపై పూర్తి వేగముతో నడిపిన పండ్లు కాలి మొద్దువారును. కావున వేగమును తగ్గించుకొను వీలులేని యంత్రము ఎంత చౌకయైనను కొనరాదు.

మూడవది బరువు. పెద్ద ఱంపములు మూడున్నర, నాలుగు కిలోలు తూగును. నేలపై పనికిది భారము కాదు. కారు క్రింద పరుండి చేతులెత్తి పట్టువానికి మాత్రము పది నిమిషములలో భుజములు పడిపోవును. అంగడిలో తలకు పైగా ఎత్తి పట్టి చూడుమని మరిదితో చెప్పవలెను.

నాలుగవది శక్తి. తీగతో నడచునవియు, బ్యాటరీతో నడచునవియు కలవు. 18 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో నిలువయుండునది 90 వాట్-అవర్లు. 1000 వాట్ల యంత్రము పూర్తి బలముతో గంటసేపు నడచిన 1000 వాట్-అవర్లు ఖర్చగును. దినమంతయు విప్పుడు పనియైనచో ఒక బ్యాటరీ చాలదనుట దీనివలన స్పష్టము. ఇంటిలో డ్రిల్లింగు యంత్రమునకు బ్యాటరీ యిదివఱకే యున్నచో, అదే కంపెనీ ఱంపమునకు అది సరిపడునేమో విచారింపవలెను. బ్యాటరీ ఖరీదు మిగులును.

యంత్రము మంచిదైనను బ్లేడు చెడ్డదైన ఫలము లేదు. బ్లేడుపై అంగుళమునకు ఎన్ని పండ్లో వ్రాసియుండును. మేకులున్న కొయ్యకు 6 మొదలు 10 పండ్లు, కడ్డీలకు 14 ప్రాంతము, కారు పొగగొట్టము వంటి పలుచని యినుమునకు 18 మొదలు 24 తగును. పలుచని రేకును పెద్ద పండ్లతో కోసిన, రేకు అంచు రెండు పండ్ల నడుమ చిక్కి పన్ను విరుగును. ఇనుమునకు బై-మెటల్ బ్లేడులనే కొనవలెను. వంగు గుణముగల ఉక్కుపై గట్టియుక్కు పండ్లు అతికినందున అవి త్వరగా విరుగవు. కోయు వస్తువుకంటె బ్లేడు రెండంగుళములైన పొడవుండవలెను. బ్లేడు మొన గోడకు తగిలిన యంత్రము చేతిని ఎదురుతన్నును.

ఈ ఎదురుతన్నునుండి కాపాడునది బ్లేడు మొదటనుండు పాదపీఠము. దానిని వస్తువునకు గట్టిగా ఆనించియే కోయవలెను. గోడ కోయుటకు ముందు లోపల కరెంటు తీగలు, నీటి గొట్టములు ఎచ్చటనున్నవో కనుగొని మెయిను ఆపవలెను. పాత కప్పులలోని ఆస్బెస్టాసు రేకులను దీనితో కోయనే కోయరాదు. ఆ ధూళి యూపిరితిత్తులలో చేరి, ఏండ్ల తరువాత ప్రాణాంతకమగును. కారు పనిలో పెట్రోలు టాంకు, గొట్టములు, బ్యాటరీ, ఎయిర్ బ్యాగులున్న తావులను తాకరాదు. గ్రైండరువలె ఇది నిప్పురవ్వలను చిమ్మకపోయినను, వేడి లేకపోలేదు. విద్యుత్ కార్లలో నారింజరంగు తీగలను చూచిన చేయి తీసివేయవలెను. బ్లేడు మార్చునప్పుడు ప్లగ్గు తీయవలెను. అప్పుడే కోసిన బ్లేడు కాలిన పెనమువంటిది. కంటి అద్దములు, చేతితొడుగులు, చెవి మూతలు లేక పని మొదలుపెట్టరాదు. గంటలకొలది యీ యదురును భరించిన వ్రేళ్లు తిమ్మిరిపట్టి, కాలక్రమమున తెల్లబారు వ్యాధి కలుగును. నడుమ నడుమ విశ్రాంతి యవసరము.

ఇన్నియు విచారించి మా సోదరికి మే మిచ్చు సలహా యిది. ఇంటి పనికిని షెడ్డునకును కరెంటు లభించును గనుక, తీగతో నడచునదియు, 1000 వాట్లకు అటునిటు శక్తియు, వేగము తగ్గించు వీలును గలదియు నగు నడితరము యంత్రమును కొనుడు. అన్నిటికంటె పెద్దదానికై చీటీ సొమ్మంతయు పోయవలదు. మిగిలిన దానితో మూడు రకముల మంచి బ్లేడులును, ఇరువురకును కంటి అద్దములును, తొడుగులును కొనుడు. రాణిగంజులో నాలుగంగళ్లు తిరిగి వెల కనుగొనుడు. మరమ్మతు చేయువారు దగ్గఱ నున్నారో లేదో యడిగి, జి.ఎస్.టి. బిల్లు మీ పేరనే తీసికొని పెట్టెలో దాచుడు.

అద్దములు పెట్టుకొననివారికి ఱంపము ఇయ్యనని మొదటిదినమే చెప్పుడు. సొమ్ము మీది; ఇంటికి క్షేమముగా తిరిగిరావలసినవారును మీవారే.