ధర్మార్థ బైసికిలు యాత్ర – ఒకనాటి పాఠము

ఏటేట ఆగస్టు మాసపు తొలి శనివారమున, తెల్లవారుచుండగా, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున స్టర్‌బ్రిడ్జ్ అను ఊరినుండి జనులు గుంపులుగుంపులుగా బైసికిళ్లపై బయలుదేరుదురు. సుమారు 110 మైళ్లు త్రొక్కి, సాయంకాలమునకు కాలువయొడ్డుననున్న బోర్న్ అను ఊరు చేరి, అచటి నౌకావిద్యాలయమున విశ్రమింతురు. మరునాడు కేప్ కాడ్ కొనయందలి ప్రావిన్స్‌టౌనునకు సాగిపోవుదురు. ఇది పందెము కాదు. ముందు చేరినవారికి బహుమానము లేదు. బోస్టను నగరమందలి డానా-ఫార్బర్ క్యాన్సరు వైద్యాలయమునకు ధనము కూర్చుటయే దీని యుద్దేశము. ఈ యాత్రకు పాన్-మాస్ ఛాలెంజ్ అని పేరు.

దీని ఆరంభము మిక్కిలి స్వల్పము. 1974లో క్యాన్సరువలన తల్లిని పోగొట్టుకొనిన బిల్లీ స్టార్ అను నాతడు 1980లో దీనిని మొదలుపెట్టెను. ఆ యేడు బయలుదేరినవారు 36 మంది. కూడినది 10,200 డాలర్లు. 2024 నాటికి అన్ని యేండ్ల మొత్తము నూరుకోట్ల డాలర్లను మించినది. యాత్రికుడు ఇంత సొమ్ము తెత్తునని ముందుగా మాట యిచ్చి, బంధుమిత్రుల నడిగి కూర్చును. తక్కువపడినచో తానే చెల్లించును.

“ఆ సొమ్మేదో ఊరక యిచ్చిన చాలదా? వీరు కాళ్లు నొప్పిపుట్ట త్రొక్కినంత మాత్రమున రోగికి కలుగు మేలేమి? ధర్మము గుప్తముగా చేయవలెను గాని ఊరేగింపుగా చేయుదురా?” అని మన చదువరులలో పెద్దలు కొంద రడుగవచ్చును. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. మేమును చాలకాల మిట్లే తలంచితిమి. ఇప్పుడు మా యభిప్రాయము వేరు.

గుంపుగా త్రొక్కువారి పద్ధతిని పరికింపుడు. ముందున్నవాడు ఎదురుగాలి నంతయు తాను భరించును. అందుచే వెనుకనున్నవారికి శ్రమ తగ్గును. అతడలసినప్పుడు ప్రక్కకు తొలగి వరుస చివరకు చేరగా, మరియొకడు ముందునకు వచ్చును. దారిలో గుంట కనబడినచో చేతితో చూపును. ఆ సైగ ఒకరినుండి యొకరికి చివరివరకు సాగవలెను. మజిలీలయందు నీరును ఆహారమును అందించువారు వేరుగా నుందురు. ఆ దినమే లేక్‌విల్ అను ఊరిలో, డానా-ఫార్బరులో చికిత్స పొందిన పిల్లలు తమ పేరిట త్రొక్కువారికై వేచియుందురు. తాను అడిగి తెచ్చిన సొమ్ము ఎవరికొరకో యాత్రికుడు అచట కన్నులార చూచును.

కావున ఆ శ్రమ రోగమునకు మందు కాదు, అడుగుటకు నోరిచ్చునది. తనకొరకు అడుగ సిగ్గుపడువాడు ఇతరులకొరకు అడుగగలుగును. అడుగబడినవాడును ఒక నిమిషమైనను ఆ వ్యాధిని గూర్చి తలంచును. గుప్తదానము ఇచ్చువాని మనస్సును కాపాడును, నిజమే. కాని నలుగురిని పిలువవలసిన పని గుప్తముగా నెరవేరదు.

ఈ వైద్యాలయమునకు మన తెలుగువారితోను సంబంధము గలదు. దీనిని 1947లో స్థాపించిన సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు, రక్తపు క్యాన్సరుతో బాధపడు 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ అను మందిచ్చి, వారిలో 10 మందికి తాత్కాలికముగా నెమ్మది కలిగెనని 1948లో ప్రకటించెను. ఆ మందు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయములో తయారైనది. సుబ్బారావుగారు బోస్టను చేరుటకు మామగారు కూర్చిన ధనమును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారు వాగ్దానము చేసిన సహాయమును ఆధారములు. కాకినాడలో ధర్మము చేసినవారు బోస్టను పిల్లల నెరుగుదురా? ఎరుగరు. ఇచ్చిన రూపాయి ఎంతదూరము పోవునో ఇచ్చినవానికి తెలియదు.

అయినను ఈ యాత్రలో మేము మెచ్చని దొకటి గలదు. పూచీపడవలసినది వేల డాలర్లు. అంత సొమ్ము కూర్చలేని పేదవాడు ఎంత త్రొక్కగలవాడైనను వెనుకబడును. ఈ తప్పు మాకు క్రొత్త కాదు. కొన్ని యేండ్ల క్రిందట జబ్బుపడిన యొక విద్యార్థికై మేము పిల్లలచే చందాలు వసూలు చేయించి, ఎక్కువ తెచ్చినవానికి బహుమతి యని ప్రకటించితిమి. ఒక బాలుడు తండ్రి వ్రాసిన చెక్కు తెచ్చెను. మరియొకడు మూడు సాయంకాలములు కూరగాయల బజారున తిరిగి, గుప్పెడు నాణెములు గుడ్డలో మూటగట్టి తెచ్చెను. బహుమతి చెక్కునకే పోయినది. రెండవ బాలుడు వెనుక వరుసలో నిలిచి చప్పట్లు కొట్టెను. ఆ చప్పట్లు మాకు నేటికిని వినబడుచున్నవి.

కాబట్టి మా సూచన యిది. మన విద్యార్థులును ఉపాధ్యాయులును ఏడాదికొక దినము బైసికిళ్లపై బయలుదేరుదురుగాక. బైసికిలు లేనివారు మజిలీలయందు నీరందింతురుగాక. ప్రతివాడును ఐదుగురి నడుగవలెను. వారిచ్చినది రూపాయియైనను చాలును. తెచ్చినవాని పేరుప్రక్కన మొత్తము వ్రాయరాదు. మొత్తమెంతయో, ఎచట వ్యయమైనదో పైసలతో సహా నోటీసుబోర్డుపై వ్రాయవలెను. యాత్ర ఆసుపత్రి వాకిట ముగియవలెను. బహుమతి యెవ్వరికిని వలదు.

తలిదండ్రులారా, మీ పిల్లలు చేయిచాచి అడుగుట అవమానమని తలంపకుడు. తనకొరకు గాక పొరుగువానికొరకు చాచిన చేయి పాఠశాలలో నేర్వదగిన విద్యలలో నొకటి.